ఉప్పులో నా వాటా

మతొజీన్యుష్ రేవు వెనక వీధి, మూడో అంతస్తు.
మెట్లెక్కేసరికి ఆయాసం నాకే.
ఎనభై నాలుగేళ్ల దియోలిందా తలుపు తీసి
నా మొహం చూడలేదు, చేతులు చూసింది.
"ఇవా నన్ను ఆడబోయేవి?" అంది.

నేను నటిని. ఆమె నా పాత్ర.
ఆమె బతుక్కి నా దగ్గరున్నది గంటా ఇరవై నిమిషాలు,
మధ్యలో విరామంతో కలిపి.

నేను నోటుపుస్తకం తీశాను, ఆమె కత్తి తీసింది.
సార్డీన్ తల మెడ దగ్గర కొయ్యకూడదు,
రెక్క వెనక, ఒక్క విసురు,
పేగు తలతోపాటే ఊడి రావాలి.
నాకు రాలేదు. చేపని పాడుచేశావంది.
పన్నెండో చేపకి
"ఇక ఆకలితో చావవులే" అంది.

పడవలు ఏ వేళకొస్తే ఆ వేళకే సైరన్.
ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో గొంతు.
పది మంది పసివాళ్లు ఏడుస్తుంటే
తన బిడ్డ ఏడుపు తనకి తెలిసినట్టు
నిద్రలోనే తెలిసేదట ఆమెకి తన సైరన్.

ఓ రాత్రి అన్ని పడవలూ వచ్చాయి.
అమదేవు ఎక్కిన పడవ రాలేదు.
చేప ఆగదు కదా, అంది,
తెల్లారేదాకా తలలు తుంచానంది.
ఆ మాట చెప్పి కాఫీలో మూడో చెంచా చక్కెర వేసుకుంది.

అదే నేను ఆడాల్సిన దృశ్యం.

దర్శకుడు వాష్కు సోమవారం ఏడవమన్నాడు,
గురువారం ఏడవద్దన్నాడు.
ఏడ్చినా అబద్ధంలాగే ఉంది, మానినా అబద్ధంలాగే ఉంది.
సముద్రం నాకేమీ బాకీ లేదు.
మాది బ్రగాన్సా కొండలు, చెస్ట్‌నట్ తోటలు,
పదిహేనో ఏట గానీ నేను అలని చూడలేదు.
నాకు పోయింది తమ్ముడు. ఆసుపత్రిలో,
నేను కింద కారు నిలిపినందుకు
మిషన్లో వెయ్యడానికి చిల్లర వెతుకుతున్నప్పుడు.
పైకొచ్చి చూస్తే కుర్చీ మీద వాడి స్వెటర్,
కుడి చెయ్యి లోపలికి తిరగబడి ఉంది.
బయటికి లాగి సరిచేశాను.
ఎడమ చెయ్యి సరిగ్గానే ఉంది.
దాన్నీ లోపలికి తోసి, మళ్లీ బయటికి లాగాను.

ఎవరికీ చెప్పలేదు ఇది.
మొదటి ప్రదర్శనలో, పడవ రాలేదన్న కబురు విన్నాక
నా చేతులు కత్తి కింద పెట్టాయి.
కొక్కేనికి వేలాడుతున్న కోటు దగ్గరికి నడిచాయి.
కుడి చెయ్యి. తర్వాత ఎడమ చెయ్యి.
హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

దొంగతనమే.
ఆమె శోకంలోకి మా వాణ్ణి
టికెట్ లేకుండా ఎక్కించాను.

అందరూ వెళ్లాక రెండో వరసలో ఆమె పక్కన కూర్చున్నాను,
సగం రంగు చెరిగిన మొహంతో.
"ఆ కోటు పని నేను చెయ్యలేదు," అంది.
తెలుసన్నాను.
"ఎవరిది?"
చెప్పాను. పేరుతో సహా చెప్పాను.
దువార్త్. ఐదేళ్లలో మొదటిసారి పైకి.

బొటనవేలి మీది పాత గాటు రుద్దుకుంటూ చాలాసేపు ఊరుకుంది.
"ఆ రాత్రి నా చేతులు ఏం చేశాయో
నాకు నిజంగా గుర్తులేదమ్మా.
అందరూ అడుగుతున్నారని తలలు తుంచానన్నాను.
వినడానికి బాగుంటుంది."
లేస్తూ నా భుజం పట్టుకుంది.
"కోటు ఉండనీ."

ఏప్రిల్లో రేడియోవాళ్లెవరో వెళితే
అమదేవు కోటు చేతులు సరిచేశానని చెప్పిందట,
ముందు కుడి, తర్వాత ఎడమ.
వంటింట్లో వింటూ స్టవ్ ఆపేశాను.
కోపం రాలేదు. కాసేపు వచ్చింది. పోయింది.

ఆ ఫ్యాక్టరీ మూతపడి ముప్ఫై ఏళ్లయింది,
ఇప్పుడందులో అద్దె గదులు.
అయినా నిన్న తెల్లవారుజామున నాలుగింటికి
ఓడదో, అంబులెన్సుదో, ఏదో ఒక కూత.
చీకట్లో చెప్పుల కోసం కాలితో తడుముతూ
చెవి రిక్కించాను,
ఆ గొంతు మా ఫ్యాక్టరీదేనా అని.